శేషు రెండోసారి చావాల్సిన ఆదివారం

దెయ్యాలంటే నమ్మకం ఉన్నవాడు నేను చేసిన పని ఒక్క ఆటకు మించి చెయ్యలేడు. నేను ఏళ్ళ తరబడి చేశాను. ఇంగ్లీషు హత్యల సినిమాలకు తెలుగులో వ్యాఖ్యానం చెప్పడం నా పని. తెర మీద పీక తెగినప్పుడల్లా మైకులో "అయ్యో" అన్నవాణ్ణి నేనే. కాబట్టి నాకు దెయ్యాల భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. ఇప్పుడు కూడా లేదు. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను. చివరికొచ్చేసరికి మీకు అనుమానం వస్తుంది.

డెబ్బైల చివరి మాట. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో ఒక సందులో చిన్న సినిమా హాలుండేది. పేరు చెప్పను. ఇప్పుడక్కడ బట్టల దుకాణం ఉంది, వాళ్ళ వ్యాపారం చెడగొట్టడం నాకిష్టం లేదు. ఆదివారం పొద్దుటాటకు అక్కడ ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. వచ్చే జనంలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తక్కువ. అందుకని మేనేజరు పైన మిషన్ గదిలో ప్రొజెక్టరు పక్కన ఒక స్టూలు వేయించి, మైకు పెట్టించి నన్ను కూర్చోబెట్టాడు. గోడకున్న కంతలోంచి తెర చూస్తూ కథ చెప్పాలి. కింద తెర పక్కన లౌడ్‌స్పీకరు పెట్టె ఉండేది. అందులోంచి నా గొంతుతో పాటు ప్రొజెక్టరు టకటక కూడా వినపడేది. ఆ టకటక లేకుండా నా గొంతు ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఆదివారమైతే వెయ్యిమంది వచ్చేవారు. సరే, హాల్లో పట్టేదే మూడొందలు. కానీ వెయ్యిమంది చేసే గోల చేసేవారు.

నాకు ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చని మేనేజరుకు చెప్పాను. యాభైయారులో రాష్ట్రం ఏర్పడ్డాక ఉద్యోగానికి తెనాలి నుంచి వచ్చినవాణ్ణి. మిగతా రోజుల్లో ఖైరతాబాదులో ప్రభుత్వ ఆఫీసు గుమాస్తాను. ఆఫీసు ఇంగ్లీషులో ఎవరూ ఎవర్నీ చంపుకోరు. తమరి ఉత్తరం అందింది, పరిశీలనలో ఉంది, అక్కడితో నా పాండిత్యం సరి. తెర మీద అమెరికా కుర్రాళ్ళు ముక్కుతో మాట్లాడేది నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కథంతా నేనే అల్లేవాణ్ణి. ఎవరూ పట్టుకోలేదు.

పట్టుకోకపోవడానికి కారణం ఆ సినిమాలే. ఒకటుంది చూడండి, అందులో కాలేజీ పిల్లలు కొందరు సెలవులకని కొండ మీద మూతబడ్డ ఫ్యాక్టరీ పక్క బంగళాలో దిగుతారు. వెల్డింగువాళ్ళ ఇనప ముసుగు తగిలించుకున్న ఒకడు, మాంసం కొట్లో వేలాడే కొక్కెం పట్టుకుని, వాళ్ళను ఒక్కొక్కరినే చంపుతాడు. అంతే కథ. దానికి భాషెందుకు? బాగా నవ్వేవాడు ముందు చస్తాడు. జంటగా పక్కకు పోయినవాళ్ళు ఆ తర్వాత. ఇప్పుడే వస్తానని ఒక్కడే లేచి వెళ్ళినవాడు తప్పకుండా చస్తాడు. పుస్తకాలు చదువుకునే పిల్ల మిగులుతుంది. హంతకుడు కొలిమిలో పడి కాలిపోతాడు. జనం చెప్పులు వెతుక్కుంటూ లేస్తుంటే బూడిదలోంచి వేళ్ళు కదులుతాయి. రెండో భాగం ఉందని దానర్థం.

ముందే తెలిసిన చావులు చూడడంలో మజా ఏమిటని మా ఆఫీసులో పెద్దమనుషులు అడిగేవారు. తెలియడమే మజా. వీధి నాటకంలో రాక్షసుడు చస్తాడని తెలియకనా తెల్లారేదాకా కూర్చునేది? తలుపు వెనక ఎవడున్నాడో హాలంతటికీ తెలుసు, తెర మీద వాడొక్కడికే తెలియదు. మూడొందల మంది కలిసి ఒక్కడి కన్నా తెలివైనవాళ్ళు కావడం రోజూ దొరికే సుఖం కాదు.

తెర మీద వాళ్ళకు పేర్లు నేనే పెట్టేవాణ్ణి. అమెరికా పేర్లు నాకు అందవు, జనానికి నచ్చవు. ఇనప ముసుగువాడికి మా సూపరింటెండెంటు పేరు పెట్టాను, అనంతయ్య. గిటారు వాయిస్తూ, అందర్నీ ఆటపట్టిస్తూ నవ్వే కుర్రాడికి మా బావమరిది పేరు పెట్టాను, శేషు.

శేషు మా ఆవిడ కమల తమ్ముడు. నాంపల్లిలో మా రెండు గదుల అద్దె ఇంట్లోనే ఉండి, బషీర్‌బాగ్‌లో కాలేజీకి వెళ్ళేవాడు. ఆదివారం బెంచీ టికెట్టు కొనుక్కుని స్నేహితులతో ముందు వరసల్లోనే కూర్చునేవాడు. మొదటి భాగంలో కొక్కెం తెర మీది శేషు దవడ కింద దిగి కంటి పక్కన బయటికి వచ్చినప్పుడు, అసలు కన్నా నేను ఎక్కువ చెప్పాను. రక్తం బిందెల్లెక్కన పోయిందన్నాను. హాలు ఊగిపోయింది. మా శేషు లేచి నిలబడి నలువైపులా తిరిగి దణ్ణం పెట్టాడు. ఆ సినిమా ఆడినన్నాళ్ళూ అబిడ్స్‌లో వాణ్ణి చూసినవాళ్ళు, ఏంరా ఇంక సావలే, అని పలకరించేవారు.

కమలకు ఇది తెలిసి అన్నం దగ్గర గిన్నె గట్టిగా పెట్టింది. తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, ఏ నోటి నుంచి ఏ మాట వస్తుందా అని చూస్తుంటారని, అన్నది అన్నట్టు జరగాలని దీవించడమే వాళ్ళ పని అని ఆమె నమ్మకం. మా వైపు ఇళ్ళల్లో బియ్యం అయిపోయాయని కూడా అనరు, నిండుకున్నాయంటారు. అలాంటింట్లో పుట్టిన ఆమె తమ్ముణ్ణి నేను మైకులో చంపాను, అదీ వారం వారం.

నేను నవ్వి ఊరుకున్నాను. రెండో భాగం వచ్చే వేళకు మాత్రం నవ్వడానికి లేకుండా పోయింది.

కాలేజీ ఎన్నికల్లో శేషు అవతలి జట్టువాణ్ణి క్యాంటీనులో అందరి ముందూ చెంపమీద కొట్టాడు. వాళ్ళు బషీర్‌బాగ్ చౌరస్తా దగ్గర పట్టపగలు వీణ్ణి పట్టుకున్నారు. సైకిల్ చైను చేతికి చుట్టుకుని కొట్టారు. చెవి తమ్మె చిరిగి వేలాడుతుండగా, చొక్కా ముందు భాగమంతా తడిసి ఇంటికి వచ్చాడు. వాళ్ళు చెప్పి పంపిన మాట ఒక్కటే, మళ్ళీసారి చైను కాదని. నిజంగా కొట్టేవాళ్ళ వెనక సంగీతం ఉండదు. అది నాకు ఆ రోజు కమల వాడి చెవి కడుగుతుంటే తెలిసింది.

ఆ వచ్చే ఆదివారమే రెండో భాగం. శేషు చెవికి కట్టుతోనే సినిమాకు తయారయ్యాడు. ఇంట్లో ఉంటే భయపడ్డాననుకుంటారని వాడి బాధ. కమల వాణ్ణి ఆపలేక నన్ను పట్టుకుంది. నా కుడిచేయి తీసి వాడి నెత్తిన పెట్టించింది.

"మీ నోటితో వీడి చావు చెప్పనని ఒట్టు వెయ్యండి. ఇంకేమైనా చెప్పుకోండి."

ఒట్టు వేశాను. చేతికింద వాడు కిసుక్కుమన్నాడు. "మరి ఈసారి నన్నెలా చంపుతారు బావా?"

ఆ తర్వాత జరిగింది ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, డాక్టరు గదుల బయట బెంచీల మీద నేను ఎలా చెప్పానో ముందు అలాగే చెబుతాను.

ఇంటర్వెల్ అయింది. సినిమా మళ్ళీ మొదలైంది. నేను కంతలోంచి చూస్తున్నాను. పక్క తలుపు దగ్గర రెండు నీడలు కదిలాయి. కత్తి తళుక్కుమంది. అదే సమయానికి శేషు బయటికి పోవడానికి లేచాడు. నేను మైకులో గర్జించాను. నా గొంతు నాంపల్లి స్టేషను దాకా వినిపించి పోర్టర్లు ఆగిపోయారు. శేషు కూర్చున్నాడు. నేను మెట్లు దూకి, వాళ్ళకు అడ్డం పోయి, దిగుతున్న కత్తిని ఒట్టి చేత్తో పట్టుకున్నాను. ఇదిగో మచ్చ, అని అరచెయ్యి చూపించేవాణ్ణి. ఆడవాళ్ళు ఇస్ అనేవారు. ఒకాయన నా చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

మచ్చ ప్రొజెక్టరులో వెలుతురు కోసం మండే కార్బన్ కడ్డీ తగిలి కాలినది. నేను మెట్లు దూకలేదు, పట్టుకుని దిగాను. పోర్టర్లెవరూ ఆగలేదు. నీడలు చూడలేదు, కత్తి చూడలేదు. ఆ కంతలోంచి తెర తప్ప మరేమీ కనపడదు. మర్నాడు వెళ్ళి మెడ ఎన్ని వంకర్లు తిప్పినా పక్క తలుపు కనిపించలేదు. పెంచినవన్నీ ఇలా కోసేశాక మిగిలింది చెబుతాను. ఇది ఎంత గీకినా పోవడం లేదు.

రెండో భాగం మొదటి భాగమే. అదే బంగళా, అదే ముసుగు, అదే సంగీతం, పిల్లలు వేరు, నెత్తురెక్కువ. మొదటి సగంలోనే అనంతయ్య ఒకణ్ణి రంపం బల్ల మీద, ఒక పిల్లను మరిగే తారు పీపాలో చంపాడు. అయినా జనం తృప్తి పడలేదు. శేషు యాడ, మా శేషు యాడ, అని ముందు వరసలవాళ్ళు బెంచీలు బాదుతున్నారు. ముందుసారి చచ్చాడుగదా అంటే వినేట్టు లేరు. ఒక గొంతు కింది నుంచి అరిచింది, "ఓ ఆంధ్రా పంతులూ, శేషును లేపుతవా, మేం పైకి రావాల్నా?" లేపాను. పచ్చచొక్కా వేసుకుని ఒకడు పళ్ళికిలిస్తున్నాడు. శేషు ఆసుపత్రిలో బతికి, దవడకు కుట్లు వేయించుకుని, ముఖం మారి తిరిగి వచ్చాడని చెప్పాను. ఈలలతో పైకప్పు రేకులు మోగాయి.

పేరు పెట్టాను గానీ, చావు చెప్పనన్న ఒట్టు మరచిపోలేదు. ఇంటర్వెల్ తర్వాత ఆ ఘట్టం వచ్చింది. పచ్చచొక్కావాడు ఏదో అని నవ్వి, ఒక్కడే లేచి, షెడ్డు వైపు నడిచాడు. షెడ్డు తలుపు వెనక ఎవడున్నాడో నాకు తెలుసు, హాలుకూ తెలుసు.

నేను మైకు మీట ఆర్పేశాను. మైకు పనిచేస్తుంటే వెలిగే ఎర్ర బల్బు ఆరిపోయింది. పెదాలు బిగించి కూర్చున్నాను. ఆ సినిమాల్లో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

పక్కన కార్బన్ కడ్డీలు సర్దుతున్న ఆపరేటరు మల్లేశం తిరిగి చూశాడు. "ఏంది సారూ, నోరు పడిపోయిందా? ఊకుంటే కుర్చీలిరగ్గొడ్తరు." చేత్తో ఆగమన్నాను. నా ముఖం కేసి, ఆరిన బల్బు కేసి వింతగా చూశాడు. కంతలోంచి చూస్తే తెర మీద కొక్కెం పచ్చచొక్కావాడి మెడలో దిగింది. అనంతయ్య వాణ్ణి ఆ కొక్కెంతోనే నేల మీంచి లేపాడు. బూట్లు గాల్లో తన్నుకుంటున్నాయి. నేనేమీ అనలేదు. తిడతారనుకున్న జనం నవ్వుతున్నారు. ఎందుకో అర్థం కాలేదు.

ఆ నవ్వులోంచి బయట ఒక కేక. సినిమా కేక కాదు, రెండింటికీ తేడా వెంటనే తెలిసిపోతుంది. మెట్లు పట్టుకుని దిగి కేక వచ్చిన వైపు వెళ్ళాను.

పక్క తలుపు అవతల మూత్రశాలకు పోయే ఇరుకు దారి. పొద్దెక్కిన ఎండ నిలువునా పడుతోంది. సున్నం గోడ మీద మనిషి ఎత్తున నెత్తురు చిమ్మి ఉంది. గోడకానుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. భుజం ఎముక దాకా తెరుచుకుంది. ఎడమచెయ్యిని కుడిచేత్తో పట్టుకున్నాడు, రెండు వేళ్ళు తోలు పట్టుకుని వేలాడుతున్నాయి. నాంపల్లిలో సైకిల్ షాపు సత్తయ్య. ప్రతి ఆదివారం వచ్చే మనిషే. పొడిచినవాళ్ళు గోడ దూకి పోయారు. లోపల మల్లేశం మిషన్ ఆపడం మరచిపోయాడు, తెరిచిన తలుపులోంచి వెలుగు పడి వెలిసిపోయిన తెర మీద ఇంకొక పిల్ల పరిగెడుతూనే ఉంది. నా వెనక శేషు గోడ పట్టుకుని కక్కుతున్నాడు.

సత్తయ్యను రిక్షాలో ఆసుపత్రికి పంపాక జనం నా చుట్టూ మూగారు. పైనుంచి ఎట్ల కనవడ్డది సారూ అని ఒకరు, మస్తుగ చెప్పినవ్ అని ఒకరు. దేని గురించి అంటున్నారో నాకు తెలియలేదు. శేషు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు కూర్చోమనకపోతే వెళ్ళిపోయేవాణ్ణి బావా."

వాడు చెప్పింది ఇది. తెర మీద పచ్చచొక్కావాడు లేచినప్పుడే వీడూ మూత్రానికని లేచాడు. అప్పుడు పెట్టెలోంచి నా గొంతు వచ్చింది. "శేషూ, కూసో. గాడ తలుపెన్క ఇద్దరున్నరు." సినిమాలో ఉన్నది ఒక్కడే గదా, బావకు లెక్క తప్పిందని హాలంతా నవ్వింది. అందరూ తనను చూస్తుంటే సిగ్గేసి వీడు కూలబడ్డాడు. పక్కవరసలో సత్తయ్యా అప్పుడే లేచాడు. ఆయన నవ్వుతూ వెళ్ళాడు. శేషు కోసం కాచుకున్నవాళ్ళు ముఖం చూసుకోలేదు, ఆ దారిలో మొదట వచ్చినవాడికి కత్తి తగిలింది.

గొంతు నాదేనట, అందులో ఎవరికీ సందేహం లేదు. కానీ ఆ మాటతీరు నాది కాదు. అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళో ఉన్నా ఇక్కడి తెలుగు నా నోటికి రాలేదు, ఆ హాలు నన్ను ఏడిపించేదే అందుకు. ఇంకొకటి ముందు బెంచీవాళ్ళను విడివిడిగా అడిగి తెలుసుకున్నాను. ఆ మాట వెనక ప్రొజెక్టరు టకటక లేదట. పక్కన కూర్చుని చెప్పినట్టు శుభ్రంగా వినిపించిందట.

కుట్ర తెలిసినవాడెవడో హాల్లోంచి అరిచి ఉంటాడని చాలాకాలం సర్ది చెప్పుకున్నాను. అరుపు కాదు, పెట్టెలోంచే వచ్చింది, మా చెవుల్లోనే పడ్డది అని ముందు బెంచీవాళ్ళంటారు. మల్లేశం అని ఉంటాడా? మైకు ఆరి ఉంది, అతను నా ఎదురుగా ఉన్నాడు. నాకు తెలియకుండా నేనే అన్నానా అని అతన్నే అడిగాను. నీ పెదవి కదల్లేదు, బిడ్డ మీద ఒట్టు, అన్నాడు. ఆ తర్వాత అతను నాతో ఒంటరిగా ఆ గదిలో కూర్చోవడానికి ఇష్టపడేవాడు కాదు.

పోలీసులకు మాత్రం కంతలోంచి చూసి హెచ్చరించానని చెప్పాను. నేను అనలేదంటే మరి ఎవరన్నారు అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు, అబద్ధానికైతే జవాబు అవసరం లేదు. పొడిచినవాళ్ళు తర్వాత దొరికారు, కాలేజీలో అవతలి జట్టువాళ్ళే. లోపల తమ మనిషి ఎవడూ లేడని వాళ్ళే చెప్పారు. అప్పటి నుంచి నా కథ పెరుగుతూ వచ్చింది. పోర్టర్లు తర్వాత చేరారు, మచ్చ ఇంకా తర్వాత.

నిజం చెప్పింది ఇంట్లో ఒక్క కమలకే. ఆమె బియ్యం ఏరుతూనే, "మీరు ఒక్కసారి నోరు మూసుకుంటే వాళ్ళకు మాట్లాడే వీలు దొరికింది," అంది. నాకు కోపం వచ్చింది. తథాస్తు అనడం తప్ప వాళ్ళకు ఇంకో మాట రాదుగదా అన్నాను. ఆమె బియ్యం తీసుకుని లోపలికి వెళ్ళింది.

సత్తయ్య బతికాడు. ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. చేతి కట్టు కేసి చూడలేక కిటికీ కేసి చూస్తున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

"నేను గూడ ఇన్న సారూ. నవ్వుకుంట లేచిన. నీ సిన్మాల నవ్వినోడే గదా ముందు పోయేది." కట్టున్న చెయ్యి పక్క మీద సర్దుకున్నాడు. "శేషుకైతే పేరు వెట్టి చెప్పినవ్. నాకెందుకు చెప్పలే?"

ఆయనకు కట్టుకథ చెప్పబుద్ధి కాలేదు. ఆ మాట నేను అనలేదు సత్తయ్యా, మైకు ఆర్పేసి ఉంది అన్నాను. ఆయన కుట్లు లాగుతుంటే మొహం చిట్లించుకుంటూనే నవ్వాడు.

"గీడ గూడ అబద్ధమేనా సారూ."

మూడో భాగం వచ్చింది. నేను చెప్పనన్నాను. వ్యాఖ్యానం లేకుండానే వేశారు, జనం అలాగే వచ్చారు. టికెట్టు కొనుక్కుని బెంచీలో కూర్చున్నాను. పక్కన సత్తయ్య వచ్చి కూర్చున్నాడు, ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని. కమల ఒప్పుకోక శేషు రాలేదు. చావులు ఎప్పటిలాగే వచ్చాయి, జనం ఎప్పటిలాగే కేకలేశారు. ఒకడు ఒంటరిగా లేచి తలుపు దగ్గరికి వెళ్ళే ఘట్టం వచ్చింది. హాలు మొత్తం ఒక్కసారి చప్పబడిపోయింది. తెర చూస్తున్నవాడు ఒక్కడూ లేడు. అందరూ తెర పక్కనున్న లౌడ్‌స్పీకరు పెట్టె కేసి చూస్తున్నారు. మూత్రానికని కూడా ఎవరూ లేవలేదు.

పెట్టె ఏమీ అనలేదు. సత్తయ్య మాత్రం పెట్టె కేసి చూడడం లేదు, నా నోటి కేసి చూస్తున్నాడు. నా పెదాలు బిగించే ఉన్నాయి. ఆ ఆదివారం కూడా ఇలాగే బిగించి ఉన్నాయని ఆయనకు ఎలా చెప్పాలో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.